విచ్చుకోని కాయలు

నేను పనిచేసే కుట్టు ఫ్యాక్టరీ రంగూన్ శివారు లైంగ్‌థార్యార్‌లో ఉంది. అక్కడి స్టోరు లెక్కలన్నీ నావి. మొన్న మిషన్ల విడిభాగాలతో ఒక చెక్కపెట్టె వచ్చింది. మేకులు పీకి మూత ఎత్తగానే లోపలి వాసన నా ముఖానికి తగిలింది. పచ్చి పైన్ చెక్క వాసన. ఒక పలక మీద ముడి పక్కన బంక ఇంకా ఆరలేదు. తాకితే వేలికి అంటుకుంది. సరుకు కాగితం చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పక్కన పనిచేసే అమ్మాయి "మ మార్తా, ఒంట్లో బాగాలేదా?" అని బర్మా భాషలో అడిగింది. మ అంటే వాళ్ల మాటలో అక్క. బాగానే ఉందన్నాను. కర్ఫ్యూ వేళకు అందరం ఇళ్లు చేరాలి కనుక పని ఆపలేదు. పెట్టెలోవి సరిచూసి సంతకం పెట్టాను. కానీ బస్సులో మా ఇన్సేన్ పేట చేరేదాకా వేలికొస జిగటగానే ఉంది. ఆ బంక సబ్బుకు పోదు. కిరసనాయిలు గుడ్డతో రుద్దితే పోతుంది. ఆ సంగతి నాకు నేర్పినామె రూతమ్మగారు.

రూతమ్మగారిది మా సంఘమే, తెలుగు బాప్టిస్టు సంఘం. ఆమె తాతా మా తాతా విశాఖపట్నం వైపు నుంచి ఓడలో వచ్చి రంగూన్ రేవులో బస్తాలు మోసినవాళ్లే. ఆమె మాత్రం కాలేజీలో జీవశాస్త్రం చదివి, అడవి చెట్ల విత్తనాలు నిలవచేసే ఒక సర్కారు గోదాములో అధికారి అయింది. పొట్టి మనిషి. కళ్లద్దాలు ఎప్పుడూ ముక్కు మధ్యకు జారి ఉండేవి. తల్లీతండ్రీ పోయినప్పుడు తమ్ముడు సామేలు ఇంకా బడికి పోయే పిల్లవాడు. అతన్ని పెంచి, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు పనిలో పెట్టేసరికి ఆమె పెళ్లి వయసు దాటిపోయింది. ఆ సంగతి గురించి ఆమె ఎవరితోనూ మాట్లాడగా నేను వినలేదు. ఇంట్లో అక్కా తమ్ముడూ ఇద్దరే.

మా నాన్న పోయాక నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. కొన్నేళ్లు ఇళ్లలో బట్టలు కుట్టాను. తర్వాత మా అమ్మ రూతమ్మగారిని బతిమాలి నన్ను గోదాములో కాయలు ఏరే పనికి చేర్చింది. చలికాలం చివర షాన్ కొండల నుంచి పైన్ కాయలు బస్తాల్లో వచ్చేవి. గుప్పెడంత ఉండే కాయలు, ఒంటినిండా చెక్కపొలుసులు. ఎండలో పరిస్తే పొలుసులు ఒకటొకటే వెనక్కి విచ్చుకుని, సందుల్లోంచి పల్చని రెక్క ఉన్న గింజలు రాలేవి. గింజ కొండలకు తిరిగి వెళ్లి మొక్కవుతుంది. కొన్ని కాయలు మాత్రం ఎంత ఎండకూ విచ్చుకునేవి కావు. ఒక పక్కకు వంకర తిరిగి, చిన్న రంధ్రం దగ్గర బంక గడ్డకట్టి, దానికి ఎర్రటి పొట్టు అంటుకుని ఉండేవి. అవి పురుగు పట్టినవి. మొదటిరోజు నేను ఒక గోనె కాయలను రెండు కుప్పలు చేసి కూర్చున్నాను. రూతమ్మగారు వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది.

"ఈ కుప్పేటి?"

"మంచివండి."

"అదేటి మరి?"

"పాడైపోనవండి."

ఆ కుప్పలోంచి ఒకటి తీసింది. ముడుచుకునే ఉంది కానీ రంధ్రం లేదు, బంక లేదు. "ఇది పాడైపోనాదని నీకెవులు సెప్పేరు?"

"ఇచ్చుకోలేదు గదండీ."

"ఇచ్చుకోలేదు, అంతవరకే నీకు తెల్సు. కోసి సూసేవా?"

"నేదండి."

"సూడందాన్ని సూసినట్టు లెక్కెయ్యకు మార్తా. మంచిదీ అనకు, సెడ్డదీ అనకు. దానికి యేరే కుప్ప పెట్టు."

నాకు లెక్కలు వచ్చింది ఆ మూడో కుప్ప దగ్గరే. నూరు కాయలు నేల మీద వరసగా పేర్చి, నూటికి ఎన్ని అంటే ఏమిటో ఆమె నాకు చూపించింది. ఒక గోనెలో కొన్ని కోసి చూసి మిగతా గోనె గురించి ఎంతవరకు చెప్పవచ్చో, ఎక్కడ నోరు మూసుకోవాలో చెప్పింది. పుస్తకంలో నేర్చుకోవలసినవి నేను బంక చేతులతో నేర్చుకున్నాను. తర్వాత నా అంతట నేను నేర్చుకున్న లెక్కలన్నీ వీటి మీద కట్టుకున్నవే.

ఆమె అసలు ఆసక్తి గింజ మీద కాదు, పురుగు మీద. గోదాము వెనకగదిలో గాజు సీసాల్లో పురుగు పట్టిన కాయలు ఉంచేది. సీసాల మీదికి సన్నని ఇనప వలమూతలు సామేలు వర్క్‌షాపులో దొరికిన ముక్కలతో చేసి ఇచ్చాడు. ఆ పురుగు కథ ఆమె చెబుతుంటే విడ్డూరంగా ఉండేది. తల్లి ఒక బూడిదరంగు చిమ్మట. రెక్కల మీద తెల్లటి వంకర గీతలుంటాయి, బెరడు మీద వాలితే కనిపించదు. మసక వేళ ఎగిరి, పచ్చి కాయ పొలుసుల సందున గుడ్డు పెట్టి పోతుంది. గుడ్డులోంచి వచ్చిన పురుగు దారం మందం కూడా ఉండదు. పొలుసు కింద తొలుచుకుంటూ లోపలికి పోతుంది. చెట్టు ఊరుకోదు, గాయంలోకి బంక వదులుతుంది. కొన్ని పురుగులు అందులోనే మునిగి చస్తాయి. తప్పించుకున్నది కాయ నడిమి బొడిపె చుట్టూ తిరుగుతూ గింజ తర్వాత గింజ తింటుంది. తన రెట్టను, పొట్టును వెనక్కి తోసి గుమ్మానికి అడ్డు పెట్టుకుంటుంది. ఒళ్లు నిండాక తన చుట్టూ పట్టుగూడు అల్లుకుని లోపల ముడుచుకుంటుంది. వేసవి ఎండలు ముదిరి మొదటి జల్లు పడే రోజుల్లో గూడు చీలి చిమ్మట బయటికి వస్తుంది.

"అన్నీ రావు," అనేది ఆమె. "కొన్ని పడుకునే ఉంటాయి. ఆ యేడంతా పడుకుని, పై యేడు లెగుస్తాయని నా అనుమానం. వొచ్చీవి వొచ్చేయి గదా అని మిగిలిన కాయల్ని ఎండు కాయలనుకుని గోదాముల్లో మూల పడేస్తారు. అవేమో పై యేడు ఎగిరెళ్లి కొత్త కాపు మీద పడతాయి." నిజమో కాదో తెలియాలంటే ఒకటే దారి. విచ్చుకోని కాయలను మరో వేసవి దాకా ఉంచాలి. ఆ ఏడు సీసాల్లో చిమ్మటలు లేచాక, పురుగు బయటికి రాని కాయలు మిగిలాయి. వాటిని పారేయనివ్వలేదు.

సాయంత్రం షిఫ్టు దిగి అక్కను తీసుకెళ్లడానికి సామేలు సైకిలు మీద వచ్చేవాడు. గోనెల మధ్య నిలబడి వేళాకోళం ఆడేవాడు. "అక్కా, నీ అల్లుళ్లింకా లెగనేదేటి?"

"నీకేటి? పై యేడు లెగుస్తారు."

"సూడు మార్తా, మాయక్క పురుగు తిన్నాదా, పడుకున్నాదా అని తెల్లారితే సూస్తాది. నాను తిన్నానా అని ఒక్కనాడు అడిగిందేటి?"

"నువ్వు తింటావు గనకే అడగను. కుండ మూత శబ్దం ఈదంతా ఇనపడతాది."

ఆమె నవ్వడం నేను ఎక్కువగా చూసింది ఆ వేళల్లోనే.

ఆ వానాకాలమే సైనిక పాలన మీద ఎనభై ఎనిమిది ఉద్యమం వచ్చింది. వీధుల్లో జనం వరదలా నడిచారు. ఆఫీసులు ఒకటొకటిగా సమ్మెలోకి దిగాయి, మా గోదాముకూ తాళం పడింది. తాళం పడే ముందు రూతమ్మగారు ఆ విచ్చుకోని కాయలను ఒక పేము గంపలో పోసి, మీద పల్చని గుడ్డ కట్టి ఇంటికి తెచ్చుకుంది. ఇంట్లో బూజు పడుతుందని గాలి తగిలే వరండాలో పెట్టింది. నేను ఆమె ఇంట్లోనే ఉన్న ఒక ఉదయం, వర్క్‌షాపు వాళ్లంతా ఊరేగింపుకు పోతున్నారని సామేలు బయలుదేరాడు.

"ఎల్లకపోతే ఏటవుతాదిరా?" అంది ఆమె.

"అందరూ ఎల్తన్నారక్కా. నన్నొక్కడినీ రెంచి పట్టుకోమంటావేటి?"

"గొడుగు తీసుకెల్లు మరి."

"గొడుగేసుకుని నినాదాలిస్తే నవ్వుతారు. అన్నం మూతెట్టి ఉంచు, సందాలకి ఒచ్చెస్తాను."

అతను సాయంత్రానికి రాలేదు. ఆ వారం సైన్యం వీధుల్లోకి దిగింది. అతనితో వెళ్లినవాళ్లలో ఒకతను సామేలు కింద పడడం చూశానన్నాడు. మరొకతను, కాదు, అతన్ని ట్రక్కు ఎక్కించడం చూశానన్నాడు. ఇద్దరూ అబద్ధమాడేవాళ్లు కాదు. వానలో, పొగలో, పరిగెత్తే జనంలో ఇద్దరూ ఎవరినో చూశారు. రూతమ్మగారు ఇద్దరికీ టీ పోసి ఇచ్చి, చెప్పింది రెండుసార్లు చెప్పించుకుని పంపింది.

తర్వాత మేమిద్దరం ఆసుపత్రులు తిరిగాం. అక్కడ ఏమీ దొరకలేదు. జైలు మా ఇన్సేన్‌లోనే ఉంది కనుక దాని గేటు దగ్గరికి వారం వారం వెళ్లేవాళ్లం. అక్కడ ఒక పద్ధతి ఉండేది. లోపల ఉన్నవాళ్ల కోసం ఇంటివాళ్లు మూట తెస్తే, పేరు కాగితాల్లో ఉంటే తీసుకుంటారు, లేకపోతే తిరిగి ఇచ్చేస్తారు. వేయించిన ఎండుచేపలు, చింతపండు కారం, ఒక లుంగీ కట్టుకుని వెళ్లేవాళ్లం. కిటికీ వెనక మనిషి మర్యాదగానే ఉండేవాడు. వేలు కాగితం మీద కిందిదాకా జరిపి, బర్మా మర్యాదలో డో రూత్ అని పిలిచి, "ఈ పేరు మా దగ్గర లేదు," అని మూట వెనక్కి తోసేవాడు. తిరిగివచ్చేటప్పుడు ఆమె ఆ మూటను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నడిచేది. ఒకసారి నేను ఉండబట్టలేక, "ఇంకెన్నాళ్లు తిరుగుదామండి?" అన్నాను.

"లేడన్నాడు గదా."

"అవునండి."

"సచ్చిపోయాడన్నేదు గదా."

పై వారం మూట నేనే కట్టాను.

చలికాలం వచ్చేసరికి ఊరంతా మూతపడినట్టు ఉంది. కాలేజీలు తెరవలేదు. విశాఖ నుంచి చుట్టాల ఉత్తరాలు రావడం ఆగిపోయింది. చీకటి పడితే వీధిలో కుక్కలు తప్ప ఎవరూ లేరు. ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం మా అయ్యగారు, అంటే సంఘం పాస్టరు, రూతమ్మగారి ఇంటికి వచ్చారు. ముసలాయన, మెత్తని మనిషి. బైబిలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"అమ్మా రూతమ్మా, తమ్ముడి పేర జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టుకుందాం. నీ మనసుకి కొంత నెమ్మది."

"దేనికి అయ్యగారూ? ఆడు పోయాడని మీకు తెల్సా?"

"తెలీదమ్మా. కానీ ఇన్ని నెలలు..."

"తెలీనప్పుడు పోయినోళ్ల ప్రార్థనెలా సేస్తాం? దేవుడి దగ్గర మనం తప్పు లెక్క సెప్పినట్టవదా?"

ఆయన తల ఊపారు. "నీ ఒంటి సంగతి సూసుకో తల్లీ," అని లేచారు. ఆమె మీద సంఘంలో గుసగుసలు మొదలయ్యాయి. పాపం బుర్ర చెడింది, పురుగులు కాపాడినట్టు ఆశ కాపాడుకుంటోంది అన్నవాళ్లూ ఉన్నారు. ఆ మాటలో ఎగతాళి కన్నా జాలే ఎక్కువ. కానీ అది ఆమె చెవిన పడింది.

ఇక్కడ మా సంఘంలోని ఒక అలవాటు చెప్పాలి. ఏటా క్రిస్మస్‌కు ముందు ఆడవాళ్లు పైన్ కాయలను వెండిరంగు డబ్బాలో ముంచి, ఆరబెట్టి, దారాలు కట్టి గుడి నిండా వేలాడదీసేవారు. రంగూన్‌లో పైన్ చెట్లు లేవు. ఆ కాయలన్నీ మా గోదాము నుంచి పోయేవే. పనికిరాని కాయలను రూతమ్మగారు ప్రతి ఏడూ ఇంటి వరండాలో పేము గంపలో ఉంచేది. అయ్యగారి భార్య సుందరమ్మగారు వచ్చి తీసుకుపోయేది. అడగడం, చెప్పడం ఉండేది కాదు. గంప అక్కడ ఉంటే సంఘానిదే. ఆ ఏడు రూతమ్మగారూ నేనూ జైలు గేటు దగ్గర ఉన్న పూట సుందరమ్మగారు వచ్చింది. దుఃఖంలో కూడా గుడిని మరిచిపోలేదు ఈ తల్లి అనుకుని, కళ్లు తుడుచుకుని, గంప తీసుకుపోయింది.

మేము తిరిగి వచ్చి వరండా చూసుకునేసరికి గంప లేదు. రూతమ్మగారు మూట కింద పెట్టకుండానే గుడివైపు నడిచింది. గుడి వెనక పందిట్లో కాయలన్నీ వరసగా తీగకు వేలాడుతున్నాయి. మిలమిలా మెరుస్తున్నాయి. రంగు ఇంకా కారుతోంది. సుందరమ్మగారు వెండి చేతులతో ఎదురొచ్చింది.

"రండి రండి. ఈయేడు గంపలో బోలెడు పెట్టేరు. మీ మనసు గొప్పది."

రూతమ్మగారు ఒక కాయను దారంతో సహా తెంపింది. పనిసంచిలో ఎప్పుడూ ఉండే చిన్న కత్తి తీసి, అక్కడి బల్ల మీదే కాయను నిలువునా చీల్చింది. లోపల పట్టుగూడు. గూడు చించితే పురుగు. ఎండిపోయి లేదు, నల్లబడి లేదు. మెత్తగా, నిండుగా, పచ్చి గింజ రంగులో ఉంది. రంగునూనె మాత్రం లోపలిదాకా పాకింది. ఆమె దాన్ని గోటితో మెల్లగా తాకింది. కదల్లేదు. రెండోది కోసింది. మూడోది కోసింది. ఒకదానిలో గూడు ఖాళీ, మరొకదానిలో ఎప్పుడో చచ్చిన తొక్క. మిగతావి అన్నీ మొదటిదానిలాగే ఉన్నాయి.

"ఏటండీ అది?" అంది సుందరమ్మగారు. ఆమెకు ఏదో తప్పు జరిగిందని అర్థమైంది. కానీ ఏమిటో తెలియదు.

"బతికే ఉన్నాయి," అంది రూతమ్మగారు. "పొద్దుటి దాకా బతికే ఉన్నాయి."

"నాకు తెలీదమ్మా. ఎండుకాయలనుకున్నాను. పైకి ఎండుకాయల్లాగే..."

"పైకి అలాగే ఉంటాయి. మీ తప్పేటుంది? ఏటా తీసుకెల్తారు, తీసుకెల్లేరు." ఆమె గొంతు హెచ్చలేదు. కత్తిని తను కట్టుకున్న బర్మా లుంగీ అంచుకు తుడుచుకుంది. "ఇంక మిగిలినవి దించకండి. పండగ అయిపోనీండి."

అయ్యగారు ఎప్పుడు వచ్చారో మా వెనక నిలబడి ఉన్నారు. బల్ల మీది చీలిన కాయలను, పురుగులను చాలాసేపు చూశారు. ఆయన పురుగుల శాస్త్రం చదవలేదు. అయినా రూతమ్మగారి ముఖం చూసి, మళ్లీ కాయలు చూసి, టోపీ తీసి చేత్తో నలుపుతూ ఉండిపోయారు. మరుసటి వేసవిలో లేవవలసినవి లేస్తాయా అన్న ఆమె ప్రశ్నకు పూర్తి జవాబు ఇక దొరకదు. సగం జవాబు మాత్రం ఆ బల్ల మీద ఉంది.

క్రిస్మస్ ఆరాధన ఆ ఏడు పగలే జరిగింది. పాట కూడా కిటికీలు మూసి పాడాం. తలల మీద వెండి కాయలు గాలికి తిరుగుతున్నాయి. రూతమ్మగారు నా పక్కన కూర్చుని పైకి ఒక్కసారీ చూడలేదు. ప్రార్థనలో మా సంఘానికి ఒక వరస ఉంది. మొదట రోగుల పేర్లు, తర్వాత చనిపోయినవాళ్ల కుటుంబాలు, చివర ప్రయాణంలో ఉన్నవారు. ఓడల మీద పనిచేసేవాళ్లు ఎక్కువగా ఉన్న కాలం నుంచి వచ్చిన వరస అది. అయ్యగారు రోగుల పేర్లు చదివారు. చనిపోయినవాళ్లవి చదివారు. ఆ ఏడు అవి చాలా ఉన్నాయి. రూతమ్మగారి చెయ్యి నా ముంజేతి మీద బిగుసుకుంది. ఆయన కాస్త ఆగి, ప్రయాణంలో ఉన్నవారి దగ్గరికి వచ్చి, "మా బిడ్డ సామేలు. ఎక్కడున్నా అతన్ని కాపాడు ప్రభువా," అన్నారు. సంఘమంతా ఆమేన్ అంది. ఆమె చెయ్యి వదులైంది. అన్ని నెలల్లో ఆమె ఏడవడం అప్పుడే చూశాను.

ఆ తర్వాత ఏళ్లన్నీ ఒకే రంగులో గడిచాయి. గోదాము మళ్లీ తెరిచారు కానీ సమ్మె చేసినవాళ్లను మళ్లీ పనిలోకి తీసుకోలేదు. రూతమ్మగారు ఇంట్లో పిల్లలకు ట్యూషను చెప్పింది. నేను ఒక సామాన్ల దుకాణంలో లెక్కలు రాసి, అక్కడి నుంచి ఫ్యాక్టరీకి వచ్చాను. కొండల నుంచి కాయలు మళ్లీ ఆమె దగ్గరికి రాలేదు. ఆ చిమ్మట రెండో ఏడు లేస్తుందని ఎక్కడైనా ఎవరైనా తేల్చారో లేదో నాకు తెలియదు. రూతమ్మగారికీ తెలియకుండానే పోయింది. చివరి జబ్బులో నేను గంజి తాగించేదాన్ని. ఒకరోజు కళ్లద్దాలు తీసి నా చేతిలో పెట్టింది.

"మార్తా, నాను పోయాక సామేలు పేరు గుడిలో సదవడం ఆపించకు."

"ఆపించనండి."

"సంఘపోళ్లు ఇంక సాలంటారు. నువ్వు లెక్కలు తెలిసినదానివి, నువ్వూ సాలనుకుంటావు."

నేను ఆ కళ్లద్దాలు గుడ్డతో తుడిచాను. ఆమె నవ్వడానికి ప్రయత్నించింది. "అనుకో. అనుకున్నా సదివించు."

ఆ అయ్యగారు కూడా పోయి చాలాకాలమైంది. ఇప్పటి పాస్టరు కుర్రవాడు, తెలుగు అర్థమవుతుంది కానీ ప్రార్థన సగం బర్మా భాషలోనే చేస్తాడు. సామేలు ఎవరో అతనికి తెలియదు. మూడేళ్ల కిందట, పేరు తీసేద్దామా అని నన్నే అడిగాడు. నేను కూడిక చేసి చూశాను. సామేలు ఉంటే ఇప్పుడు ముసలివాడు. అంతకాలం ఒక్క మాట కూడా పంపకుండా మనిషి బతికి ఉండే అవకాశం నూటికి ఎంతో నాకు తెలుసు. కాగితం మీద వేయనక్కర్లేదు. ఆ అంకెను నేను రూతమ్మగారికి ఎన్నడూ చెప్పలేదు. ఆమెకు నాకన్నా బాగా తెలిసి ఉంటుంది. పేరు తీయవద్దనే పాస్టరుతో చెప్పాను.

ఇప్పుడు సైన్యం మళ్లీ గద్దెనెక్కింది, ఊరు మళ్లీ అలాగే ఉంది. వీధులు మళ్లీ సాయంత్రానికే ఖాళీ. మా వీధి చివరింటి తల్లి కూతురి కోసం మూట కట్టుకుని జైలు గేటుకు వెళ్లి మూటతోనే తిరిగి వస్తోంది. పోయిన ఆదివారం ఆరాధన ముందు ఆమె నా దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా, "మ మార్తా, మా పిల్ల పేరు ఎందులో రాయించాలి?" అని అడిగింది. నేను ఆమెను చేయి పట్టుకుని పాస్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ప్రయాణంలో ఉన్నవారిలో రాయమన్నాను. అతను రాశాడు. చదివేటప్పుడు మొదట సామేలు పేరు, దాని కింద ఆ పిల్ల పేరు చదివాడు. రెండు పేర్లకూ నేను గట్టిగానే ఆమేన్ అన్నాను.